పేరు మాత్రం ఉంచండి

కొత్తగా పెళ్లయినవాళ్ల ఇంట్లో సంతోషానికి పెద్ద చోటు అక్కర్లేదు. ఊర్మిల సంతోషం చాలావరకు ఒక స్టీలు గ్లాసులో పట్టేది. అందులో రెండు టూత్‌బ్రష్‌లు ఉండేవి, ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. పొద్దున్నే లేచి, అవి ఒకదాని మీద ఒకటి వాలి ఉండటం చూసి తనలో తను నవ్వుకునేది.

సుక్మా బస్టాండు వెనక వీధిలో వాళ్లది రేకుల కప్పు గది. ఉమామహేష్ టీలో అల్లం ఎక్కువ వేసేవాడు. గొంతు మండినా బాగుందనే చెప్పేది. సంత రోజు దొన్నె నిండా ఎర్రచీమల పచ్చడి కొనుక్కొస్తే అతను మొహం తిప్పుకునేవాడు, ఆమె కావాలనే వేలు నాకుతూ తినేది. అతను కిరందుల్ గనుల కాలనీలో పుట్టి పెరిగిన ఆంధ్రా పిల్లవాడు. ఆమె కోంటాకు ఇవతల, శబరి ఒడ్డు పల్లెలో పెరిగిన పిల్ల. ఇద్దరిదీ తెలుగే అయినా రోజుకొక్కసారైనా దానిమీద తగువు పడందే పొద్దు గడిచేది కాదు.

“ఏంది అంటావేంటి, ఏంటి అనొచ్చుగా?” అనేవాడు.

“అంటే ఏందంట?” అనేది.

కాలేజీలో ఒకే బెంచీ మీద కంప్యూటర్లు చదువుకున్నవాళ్లు కాబట్టి ‘ఏమండీ’లూ అవీ వాళ్ల మధ్య లేవు. నలుగురిలో ‘ఆయన’, గదిలో ‘ఉమా’.

ఇన్ని మురిపాల మధ్య ఊర్మిలకు ఒకే ఒక్క పట్టుదల ఉండేది. పోయిన అమ్మ గొంతు ఊళ్ళో పలుకుతూనే ఉండాలి. అమ్మ బతికున్నప్పుడు ఎవరినీ గడప నుంచి తిప్పి పంపలేదు. ఇప్పుడూ అడిగినవాళ్లందరికీ ఆ గొంతు బదులు చెప్పాలి.

అమ్మ పేరు భద్రమ్మ. ఊరికి మితానిన్. ఊరివాళ్లే ఎంచుకుని మందుల పెట్టె చేతికిచ్చిన ఆరోగ్య కార్యకర్తను ఆ ప్రాంతంలో అలా అంటారు. జ్వరానికి గోలీ, విరేచనాలకు పొడి, కాన్పుకు తోడు, అన్నిటికీ ఆమె గడపే. తెలుగువాళ్లను తెలుగులో తిట్టి, అదే నోటితో దోర్లీలో ఇంకొకరి బిడ్డను బుజ్జగించి, గోండీలో వేరొకరికి పథ్యం చెప్పి, హిందీలో మీటింగుకు హాజరయ్యేది. ఏ భాషలోనైనా నోరు తెరిచే ముందు ‘హుఁ’ అని గొంతు సవరించుకునేది. ఊళ్ళో పిల్లలు ఆ ‘హుఁ’ వినిపిస్తే సూది వస్తోందనుకుని పరిగెత్తేవాళ్లు.

ఊర్మిల ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుగా చేసిన యాప్ ఆ గొంతు మీదే నడిచేది. గోలీల పట్టీని ఫోన్ కెమెరాకు చూపిస్తే అది ఏ మందో, పిల్లలకు ఎంతో, పెద్దలకు ఎంతో, తినకముందా తిన్నాకా అన్నది భద్రమ్మ గొంతు చెప్పేది. సిగ్నల్ లేకపోయినా పనిచేసేది. చింతపండు గింజలు కొడుతూ కూర్చున్న అమ్మ పక్కన ఫోన్ పెట్టి, మధ్యాహ్నాలన్నీ ఆ మాటలు రికార్డు చేసింది. వెనక కోడి కూత పడింది, సుత్తి దెబ్బ పడింది, ప్రతి మాటకు ముందు ‘హుఁ’ పడింది. ప్రాజెక్టు చూసే దేవేంద్ర సార్ అవి కత్తిరించమన్నారు. ఆమె కత్తిరించలేదు. యాప్‌కు ‘అక్కపలుకు’ అని పేరు పెట్టింది, ఊరంతా భద్రమ్మను అక్కా అనే పిలిచేవాళ్లు కాబట్టి.

ఆ దేవేంద్ర సారే వాళ్లకు మేధో సంపత్తి, సాఫ్ట్‌వేర్ లైసెన్సుల పాఠం చెప్పారు. ఆ పేపర్లో క్లాసు మొత్తానికీ ఊర్మిలదే మొదటి మార్కు. కోడ్ రాసినవాళ్లదే హక్కు అనీ, లైసెన్సు పెట్టకుండా బయట పెడితే దాన్ని చూడొచ్చు గాని వాడే హక్కు ఎవరికీ రాదనీ ఆమెకు తెలుసు. ఇచ్చే పద్ధతులు రెండు రకాలనీ తెలుసు. ఒక రకం లైసెన్సు, తీసుకో, మార్చుకో, కాని నువ్వు మార్చి పంచేదాన్ని కూడా మాలాగే అందరికీ తెరిచి ఉంచు అంటుంది. రెండో రకం, తీసుకో, మార్చుకో, అమ్ముకో, తాళం వేసుకో, ఇచ్చినవాళ్ల పేరు మాత్రం ఉంచు అంటుంది.

ఊర్మిల రెండోది పెట్టింది. తెలియక పెట్టలేదు. తెలిసి, మనసారా పెట్టింది. దానికి కారణం పుస్తకంలో లేదు, వాళ్ల ఊరి చిక్కుడు పందిళ్ల మీద ఉంది.

ఆ ఊళ్ళో విత్తనం అడిగితే లేదనకూడదు. ఇచ్చేటప్పుడు బుట్టతో సహా ఇస్తారు. పుచ్చుకున్నవాళ్లు తమ పంట చేతికొచ్చాక, అదే బుట్టలో పిడికెడు ఎక్కువే పోసి తెచ్చిస్తారు. రాతకోతలుండవు, సాక్షులుండరు. ఉన్న కట్టుబాటల్లా ఒక్కటే. ఆ పంటను ఇచ్చిన ఇంటి పేరుతో పిలవాలి. భద్రమ్మ పెరటి చిక్కుడు అలాగే ఇంటింటికీ పాకి, ఏరు దాటి అవతలి ఒడ్డుకు కూడా పోయింది. ఎక్కడ కాసినా అది భద్రమ్మ చిక్కుడే. అలాంటి ఊళ్ళో పెరిగిన పిల్లకు మొదటి రకం లైసెన్సు, విత్తనం ఇస్తూనే నీ చేనుకు కంచె వేసుకోకని షరతు పెట్టడంలా తోచింది. పేరు ఉంచితే చాలన్న మాట మాత్రం ఇంటి మాటలా వినిపించింది.

ఇంకొక పని కూడా చేసింది. అమ్మ గొంతు రికార్డులను విడిగా పెట్టలేదు. కోడ్ ఉన్న ఫోల్డర్లోనే పెట్టి, ‘ఈ ఫోల్డర్లో ఉన్నదంతా’ అని లైసెన్సులో రాసేసింది. విత్తనం ఒక చోట, బుట్ట ఒక చోట ఎలా ఇస్తారు మరి?

హక్కుదారులు అన్న చోట భద్రమ్మ, ఊర్మిల అని రెండు పేర్లు రాసింది. అమ్మ పక్కకొచ్చి కూర్చుని, అదేంది బిడ్డా అని అడిగింది. ఎవరు తీసుకపోయినా నీ పేరు ఉంచాలని రాసిన్నే అని ఊర్మిల చెప్పింది.

“పేరుంటే ఇంకేం గావాలె,” అంది భద్రమ్మ, మళ్లీ గింజలు కొట్టుకుంటూ.

ఆ వానాకాలమే శబరి ఎగదన్ని రోడ్డు మునిగిన వారంలో భద్రమ్మకు కడుపునొప్పి వచ్చింది. ఊరందరినీ మంచాల మీద మోయించి కోంటా ఆసుపత్రికి పంపిన మనిషిని మోయడానికి మంచముంది, మనుషులున్నారు, దారి లేదు. నీళ్లు తీసేలోపు పోయింది.

ఆమె తర్వాత మందుల పెట్టె జోగేకు వచ్చింది. జోగే దోర్ల తెగ ఇంటి మనిషి, భద్రమ్మకు చిన్ననాటి జతగత్తె. చదువు రాదు. తన ఫోన్లో భద్రమ్మ గొంతు వినిపించినప్పుడల్లా, ఎదురుగా ఉన్నట్టే ‘సరే అక్కా’ అని బదులిచ్చేది. ఆ మాట విన్న రోజు ఊర్మిల ఏడవడం మానేసింది.

ఫాల్గుణంలో పెళ్లయింది. అంతకు చాలా ముందే, వానలు తగ్గగానే, ఉమామహేష్‌కు రాయ్‌పూర్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సుక్మా నుంచే పని. ఇంటర్వ్యూలో ఏం చేయగలవని అడిగితే ‘అక్కపలుకు’ చూపించాడు. నాది కాదు, నేను చేసుకోబోయే అమ్మాయిదని దాచకుండా చెప్పాడు. వాళ్లు లైసెన్సు తెరిచి చదివి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఆ సంగతి అతను ఊర్మిలకు గొప్పగా చెప్పాడు, ఆమె గొప్పగా విన్నది.

కంపెనీ దాన్ని తీసుకుని రంగులు మార్చింది, తాళం వేసింది, ‘అక్కపలుకు’ అన్న పేరును ట్రేడ్‌మార్కుగా తన పేర రిజిస్టరు చేసుకుంది. ఒక స్వచ్ఛంద సంస్థ కొనుక్కుని, టాబ్లెట్లలో పెట్టి, పల్లెల్లో మితానిన్లకు పంచింది. జోగేకు కూడా ఒకటి ఇచ్చి, పాత ఫోన్లోని యాప్ తీసేయించారు. టాబ్లెట్లో సెట్టింగ్స్ తెరిచి, ‘మా గురించి’ నొక్కి, వేలు నొప్పి పుట్టేదాకా కిందికి జరిపితే, చీమ తలంత అక్షరాల్లో భద్రమ్మ, ఊర్మిల అని ఉండేది. ఊర్మిల ఆ తెరను ఫొటో తీసి తన ఫోన్ వాల్‌పేపర్ చేసుకుంది. అక్షరాలు కనబడకపోయినా, ఉన్నాయన్నది ఆమెకు తెలుసు.

ఒక ఆదివారం ఇద్దరూ నేల మీద చిక్కుళ్లు వలుచుకుంటున్నారు. అతను వలిచేదానికన్నా ఆమె మీదికి విసిరేదే ఎక్కువగా ఉంది. మాటల్లో మాటగా, మీ అమ్మ ఎవరినీ లేదు పొమ్మనలేదంటావు, జీవితంలో ఒక్కసారైనా అనలేదా అని అడిగాడు.

ఊర్మిలకు నవ్వొచ్చింది. ఉన్నాడొకడు, సుక్కా అని. ఇప్ప సారా దొరకని రోజు దగ్గొచ్చినట్టు నటిస్తూ వచ్చి, దగ్గు మందు సీసా అడిగి, గడప దిగకముందే గటగటా తాగేసేవాడు. ఊరి పిల్లల మందంతా వాడి కడుపులోకే పోతోందని ఒక రోజు భద్రమ్మ వాడిని గుమ్మంలోనే నిలబెట్టి ఒకే మాట అంది. ఆమె నోట అలాంటి మాట ఊరు విన్నది ఆ ఒక్కసారే. వాడు మూడు వాడలు దాటేదాకా అందరూ నవ్వారు.

“ఏమంది?”

ఊర్మిల వెన్ను నిటారుగా పెట్టి, కొంగు నడుముకు దోపి, అమ్మలాగే గొంతు సవరించుకుంది. “హుఁ. నా కాడ నీకేం లేదు. పో. మళ్ల నా గడప తొక్కకు.”

అతను పగలబడి నవ్వాడు. మళ్లీ అనమన్నాడు. అంది. యాసతో సహా తనూ అనబోతే నాలుక తిరగలేదు. ఆమె నేర్పింది. కూర మాడిపోయింది, మాడిన కూరే కబుర్లు చెప్పుకుంటూ తిన్నారు.

కొన్నాళ్లకు అతను చీరల కొట్టు కవర్లో ఏదో చుట్టి తెచ్చి, కళ్లు మూసుకోమన్నాడు. చీరే అనుకుని మూసుకుంది.

“హుఁ. ఊర్మిలా. తిన్నవా బిడ్డా?”

అది భద్రమ్మ గొంతు. కాని ఆ మాట ఊర్మిల ఎన్నడూ రికార్డు చేయలేదు. కళ్లు తెరిచేసరికి ఒళ్లో టాబ్లెట్ ఉంది. అలాగే గోడకు ఆనుకుంది. ఫోల్డర్లో ఉన్న రికార్డులన్నీ కంప్యూటర్‌కు వినిపించి ఆ గొంతును నేర్పించామనీ, ఇక ఏ మాట రాసిస్తే ఆ మాట పలుకుతుందనీ, కంపెనీలో తెలుగు వచ్చినవాడిని తనొక్కడినే కాబట్టి ఆ పనంతా తనే చేశాననీ అతను చెబుతున్నాడు. ఆమె సగం విన్నది.

ఆ వారమంతా ఆ ఇంట్లో పండగ. ఊర్మిల రాసేది, అమ్మ పలికేది. కూరలో ఉప్పు సాలలేదు బిడ్డా అనిపించింది. అల్లుడు మంచోడే అనిపించి అతని మొహం చూసింది. ఒక మధ్యాహ్నం ఒక్కతే ఉన్నప్పుడు, నీ పెండ్లికి నేను లేకపోతిని బిడ్డా అని రాసి, వేలు మీట మీద ఉంచి చాలాసేపు ఆగి, నొక్కింది. గొంతు సవరించుకుని మరీ అంది అమ్మ. ఊర్మిల ఏడ్చి, మొహం కడుక్కుని, ఇంకోసారి నొక్కింది.

“ఇంక మీ అమ్మ ఏదైనా అంటుంది,” అన్నాడు ఉమామహేష్ ఆ సాయంత్రం టీ అందిస్తూ. “మనం ఏం రాస్తే అది.”

ఎండలు ముదిరాక కొత్త దంపతులు మోటారుసైకిల్ మీద ఊరికి బయలుదేరారు. ఒకే హెల్మెట్, కాసేపు అతనికి, కాసేపు ఆమెకు. దోర్నపాల్‌లో దిగి చెరకు రసం తాగారు, ఇద్దరికీ ఒకే గ్లాసు. పెళ్లయి మొదటిసారి వచ్చిన ఆడపిల్లకు ఊళ్ళో ఎవరో ఒకరు ఎదురొచ్చి కాళ్లు కడుగుతారు. ఊర్మిలకు తల్లి లేదు కాబట్టి ఆ పని జోగేది. జోగే చెంబుతో నీళ్లు తెచ్చి, గడప బయట నేల మీద పెట్టి, లోపలికి వెళ్లిపోయింది.

వాకిట్లో జోగే కోడలు సోమి, చంకన పిల్లవాడితో నిలబడి ఉంది. వాడు బాగా చిక్కిపోయాడు. ఊర్మిల చెయ్యి చాపితే సోమి ఒక అడుగు వెనక్కి వేసింది.

ఏమైంది పెద్దమ్మా అని ఊర్మిల బతిమాలి అడిగితే, జోగే లోపలి నుంచే బదులిచ్చింది.

“నీ అమ్మ నన్ను సుక్కాగాణ్ణి జేసింది.”

తర్వాత కొంచెం కొంచెంగా చెప్పింది. మనవడికి జ్వరం కాగి ఒళ్ళు కొయ్యబారిపోతుంటే, కొత్త రకం గోలీల పట్టీ తీసి టాబ్లెట్‌కు చూపించింది. పక్కన సోమి ఉంది, ఇరుగుపొరుగు ఉన్నారు, ఆ సుక్కా కూడా అరుగు మీద ఉన్నాడు. అక్క గొంతు సవరించుకుంది. గోలీ సంగతి చెబుతుందని అందరూ మెడలు చాచారు. అక్క చెప్పింది. సుక్కా పడీ పడీ నవ్వాడు, ఇన్నాళ్లకు నాకు తోడు దొరికిందని. జోగే గోలీ వేయడానికి భయపడి, పిల్లవాణ్ణి భుజాన వేసుకుని కోంటా రోడ్డుకు నడిచింది. పిల్లవాడు బతికాడు.

“ఇద్దరం ఒక్క ఆకుల తిన్నం,” అంది జోగే. “సచ్చినంక అంత పాపపు మాట ఎందుకంది బిడ్డా నన్ను?”

ఊర్మిల టాబ్లెట్ తెమ్మని, ఒక పట్టీని దాని ముందు పెట్టింది. తెర మీద హిందీలో ఎర్రటి పెట్టె వచ్చింది, లైసెన్సు గడువు ముగిసింది, సంప్రదించండి అని. హిందీ చదవడం ఆ వాకిట్లో ఊర్మిలకూ ఉమామహేష్‌కూ తప్ప ఎవరికీ రాదు. వెంటనే గొంతు వచ్చింది.

“హుఁ. నా కాడ నీకేం లేదు. పో. మళ్ల నా గడప తొక్కకు.”

ఊర్మిల తల తిప్పి మొగుడి వైపు చూసింది. అతని పెదవులు ఆ మాటతో పాటే కదులుతున్నాయి. మాట పూర్తయ్యాక అతని మొహంలో, పరీక్షలో తన జవాబు సరిపోయిన పిల్లవాడి తృప్తి ఒకటి మెరిసింది. అది ఆరిపోవడానికి క్షణం పట్టింది. ఆ క్షణాన్ని ఆమె పూర్తిగా చూసింది.

అది అమ్మ అన్నది కాదని, మిషనుకు నేర్పిన మాటని ఊర్మిల జోగేకు తెలుగులో చెప్పింది, వచ్చీరాని దోర్లీలో చెప్పింది. జోగే అంతా విని, ఒకటే అడిగింది. ఆ మాట మీ అమ్మది కాదా? ఆమెదే. గొంతు ఆమెది కాదా? ఆమెదే. మరింక కానిదేంది?

తిరుగుదారిలో హెల్మెట్ ఎవరూ పెట్టుకోలేదు, హ్యాండిల్‌కు వేలాడింది. గదికి వచ్చాక ఉమామహేష్ కోపంగా ఏమీ మాట్లాడలేదు. అతనికి నిజంగానే తప్పేమిటో తెలియలేదు. ఆ సంస్థ ప్రాజెక్టు ముగిసింది, మళ్లీ కొనలేదు, యాప్ ఆగింది. ఆగినట్టు ఏదో ఒక మాటలో చెప్పాలి కదా అన్నాడు.

“తెర మీద రాసి పెడితే చదవలేరని నువ్వే అన్నావు. మీ భాషలో, మీ అమ్మ యాసలో, మీ అమ్మే అన్న మాట పెట్టాను. నాకు నేర్పింది నువ్వు. నాకైతే బావుందనిపించింది, ఊర్మీ.”

“తీసెయ్.”

“అడుగుతాలే.”

మర్నాడు ఊర్మిల కాలేజీకి వెళ్లి దేవేంద్ర సార్ ముందు లైసెన్సు తెరిచి పెట్టింది. ఆయన అద్దాలు పైకి నెట్టుకుని, తీరిగ్గా, పాఠం చెప్పినట్టే చెప్పారు. మార్చుకోవచ్చని రాశావు, మార్చారు. అమ్ముకోవచ్చన్నావు, అమ్మారు. పేరు ఉంచమన్నావు, ఉంచారు. గొంతు మనిషిది కదా సార్ అంటే, గొంతును కోడ్‌తో కలిపి ఫోల్డర్లో పెట్టినవాళ్లెవరని అడిగారు. గొంతు సంగతి కోర్టులో వాదించి చూడొచ్చు, బిలాస్‌పూర్ హైకోర్టు దాకా వెళ్లాలి, అక్కడ మొదట నిలబెట్టేది ఆ గొంతు చేసినవాడినే, వాడు నీ భర్త అన్నారు. నీ పాత యాప్ నీదే, దాన్ని ఎవరికైనా ఇచ్చుకో, ‘అక్కపలుకు’ అన్న పేరు మాత్రం ఇప్పుడు వాళ్లది, వాడకు అన్నారు. లేచి వస్తుంటే వెనక నుంచి, ఇదే ప్రశ్నకు నువ్వు రాసిన జవాబును ఇప్పటికీ జూనియర్లకు చదివి వినిపిస్తున్నానని మెచ్చుకున్నారు.

ఉమామహేష్ అడిగాడు. అడగకుండా ఉండలేదు పాపం. కంపెనీ నుంచి బదులు వచ్చిన రోజు వేడి జిలేబీలు పట్టుకుని వచ్చాడు. ఆ మాట తీసేది లేదన్నారట. మామూలు సందేశం పెట్టిన చోట గడువు ముగిసినా ఎవరూ పట్టించుకోవడం లేదు, ఈ మాట విన్న చోట మాత్రం మితానిన్లు అవమానంతో ఏడుస్తూ పై అధికారులకు ఫోన్లు చేస్తున్నారు, వాళ్లు వెంటనే డబ్బు కట్టి గడువు పొడిగించుకుంటున్నారు. అందుకని ఏటికి అటువైపు తెలుగు పల్లెల్లో కూడా ఇదే గొంతు, ఇదే మాట పెడుతున్నారు. రాసినవాడి పేరు అందరి ముందూ చదివి చప్పట్లు కొట్టించారట.

చెబుతున్నంతసేపూ అతను నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. కాగితం మీద జిలేబీల నెయ్యి మరక పాకుతోంది. ఊర్మిల ఒకటి తీసుకుని తిన్నది. కరకరలాడుతూ, లోపల వేడి పాకంతో, ఎప్పటిలాగే బాగుంది. దానికే ఆమెకు భయం వేసింది.

వానలకు ముందు ఊళ్ళో విత్తనాల పండగ జరుగుతుంది. ఆ రోజున దేవుడి ముందు అన్ని ఇళ్ల విత్తనాలూ కలిపి పెట్టి, తర్వాత పంచుకుంటారు. ఊర్మిల ఈసారి బస్సులో, ఒక్కతే వచ్చింది. తన పాత యాప్‌ను ఏ పేరూ పెట్టకుండా, అమ్మ ఫొటో ఒకటి అంటించి, ఫోన్లో తెచ్చుకుంది. కోడి కూత, సుత్తి దెబ్బ, అన్నీ ఉన్న పాతది. జోగే ఫోన్లో అది మళ్లీ వేసి, ఒక్క గోలీ సంగతి వినిపిస్తే చాలు, అక్క ఏదో ఆమెకే తెలుస్తుందనుకుంది.

జోగే పందిరి కింద కూర్చుని విత్తనాలు చెరుగుతోంది. పక్కనే సోమి, పిల్లవాడు. ఊర్మిల కూర్చుని, ఇది మీ అక్క అసలు మాట పెద్దమ్మా, ఒక్కసారి విను అని పట్టీని చూపించి ఫోన్ మధ్యలో పెట్టింది.

“హుఁ,” అంది భద్రమ్మ.

జోగే చెయ్యి టక్కున పడి ఫోన్‌ను బోర్లా తిప్పేసింది. కింద, మట్టిలోకి మొహం పెట్టి, భద్రమ్మ పిల్లలకు అర గోలీ, తిన్నంక అని చెబుతూనే ఉంది. సోమి పిల్లవాడి చెవులు మూసింది.

“గొంతు సవరిస్తే సాలు బిడ్డా, నాకు ఆ మాటే ఇనబడుతది,” అంది జోగే. “తీసుకపో.”

అవతల వేపచెట్టు నీడలో పిల్లలు మామిడి ముక్కలు పంచుకుంటున్నారు. ఒకడు ఇంకో ముక్క అడిగాడు. ముక్కలున్నవాడు నడుం మీద చెయ్యి పెట్టి, హుఁ అని గొంతు సవరించి, నా కాడ నీకేం లేదు పో అన్నాడు. అడిగినవాడు ఏడుపు మొహంతో పరిగెత్తుకొచ్చి సోమితో చాడీ చెప్పాడు.

“నాకు భద్రమ్మ మాట జెప్పిండు.”

అదేదో ఊళ్ళో ఎప్పటినుంచో ఉన్న మాటలాగే అన్నాడు. సోమి కూడా అలాగే విని, పోనీలే అంది. వాడు భద్రమ్మ పోయాక ఊరికి వచ్చిన పిల్లవాడు. ఆ పేరు గల మనిషి ఒకతె ఉండేదని వాడికి తెలియదు.

ఊర్మిల లేచింది. వెళ్లే ముందు, చిక్కుడు విత్తనాలు కొన్ని ఇయ్యి పెద్దమ్మా, సుక్మాలో గది వెనక వేసుకుంటా అని అడిగింది. విత్తనం అడిగితే లేదనకూడదు. జోగే లేదనలేదు. మంచి బుట్ట చూసి, అంచుదాకా పోసి, ఆమె చేతుల్లో పెట్టింది. ఊర్మిలకు కళ్లు నిండాయి. పంట రాగానే బుట్ట నేనే తెచ్చిస్తానని, భద్రమ్మ చిక్కుడు సుక్మాలో కూడా కాస్తుందని చెప్పబోయింది.

“బుట్ట తేవద్దు,” అంది జోగే. “ఎవరడిగినా చిక్కుడు అని జెప్పు. పేరు ఉంచొద్దు.”